కృత్రిమపాదము - పందెపు న్యాయము

ఓడినవానిపై జాలి చూపుట సులభము. ఆతడే గెలిచిననాడు ఆ గెలుపును న్యాయదృష్టితో చూచుట కష్టము. ఈ మాట మాకు గ్రంథములలో దొరకినది కాదు. మా రావులపాలెపు చెంతనే ఒక పాఠశాల యాటస్థలమున దొరకినది.

రావులపాలెము గౌతమీతీరమున నున్న ఊరు. జొన్నాడ వైపునుండి వంతెన దాటి వచ్చువారికి ఇది కోనసీమకు ముఖద్వారము. అరటిగెలల సంతకు పేరు పడినది. చెన్నపట్టణమును కలకత్తాను కలుపు జాతీయ రహదారి ఈ యూరి మీదుగనే పోవుచున్నది. ఆ రహదారి వలన ఊరికి వర్తకము హెచ్చినది. దాని వలననే కొన్ని కుటుంబములకు తీరని దుఃఖమును కలిగినది. సమీపగ్రామమున నొక బాలుడు లారీప్రమాదమున మోకాలి దిగువ కాలు పోగొట్టుకొనెను. ఉచితశిబిరమొకదానిలో వానికి రబ్బరు పాదము అమర్చిరి. మొదటియేడు పాఠశాల పరుగుపందెమున ఆ బాలుడు అందఱికంటె వెనుక వచ్చెను. చూడవచ్చినవారందఱు చప్పట్లు కొట్టిరి. తల్లులు కన్నీరు తుడుచుకొనిరి. పెద్దలు ప్రత్యేక బహుమానము నిచ్చిరి. మఱుసటియేడు ఆ బాలుడే మూడవవాడుగ వచ్చెను. ఈ మాఱు చప్పట్లు పలుచనైనవి. నాల్గవవాడుగ వచ్చిన పిల్లవాని తండ్రి ముందునకు వచ్చి, "మావోడు సొంత కాళ్ళతో పరిగెత్తాడండీ. ఆ రబ్బరు కాలికి నొప్పేంటండీ, అలుపేంటండీ?" అని యడిగెను. మాస్టారు బహుమానమును నిలిపియుంచి, మీ యభిప్రాయమేమని మమ్మడిగిరి.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. ఆతని ప్రశ్న లోకమున గొప్ప న్యాయస్థానములను సైతము తికమక పెట్టిన ప్రశ్నయే. కావున దాని పూర్వచరిత్రను కొంత తఱచి చూచితిమి. మాకు తెలిసివచ్చిన దానిని పాఠకుల ముందుంచుచున్నాము.

కృత్రిమపాదమును గూర్చిన మిక్కిలి ప్రాచీనమైన ప్రస్తావన మన దేశముదే యగుట గమనింపదగినది. ఋగ్వేదము ప్రథమమండలమున 116వ సూక్తములో విశ్పల యను నామె కథ సూచింపబడినది. ఖేలుడను రాజు పోరులో ఆమె కాలు తెగిపోగా, అశ్వినీదేవతలు రాత్రివేళ ఆమెకు లోహపుకాలు అమర్చిరని దాని తాత్పర్యము. ఆమె స్త్రీ యనియు, ఆ పోరు యుద్ధమనియు సాయణాచార్యులు చెప్పిరి. అచ్చటి మాటలకు పందెము, పరుగు అను అర్థములు కూడ పొసగును గనుక, విశ్పల పందెపు గుఱ్ఱమనియు, ఆ పోరు పరుగుపందెమనియు చెప్పిన పాశ్చాత్య పండితులును కలరు. ఏది నిజమైనను ఒక్క విషయము స్పష్టము. ఆ కాలు మూలనుండి కూర్చుండుటకు ఇయ్యబడినది కాదు. మరల రంగమునకు దిగి ధనమును గెలుచుకొనుటకు ఇయ్యబడినది. లోహపుకాలు గల విశ్పల గెలుపు చెల్లదని ప్రతిపక్షము వారు వాదించినట్లు ఆ సూక్తములో నెచ్చటను లేదు.

ఇక నాధునికచరిత్రకు వత్తము. 1904లో అమెరికా దేశమున సెయింట్ లూయిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. జర్మనీలో పుట్టి అమెరికాకు వలసపోయిన జార్జి ఐసర్ అను నాతడు వాని వ్యాయామ పోటీలలో పాల్గొనెను. ఆతని యెడమకాలు కొయ్యకాలు. అక్టోబరు 29వ తేదీన ఒక్కదినముననే ఆతడు ఆఱు పతకములు గెలిచెను. వానిలో మూడు స్వర్ణములు, రెండు రజతములు, ఒకటి కాంస్యము. త్రాడెక్కుటయందును, సమాంతర దండములయందును, గుఱ్ఱపు బల్లపై దుముకుటయందును ఆతడు ప్రథమస్థానము నందెను. కొయ్యకాలు ఎవరి దృష్టిలోనైనను బరువే గాని బలము కాదు. బరువు మోయుచు గెలిచినవానిని ఎవరు శంకింతురు?

పిమ్మట మహాయుద్ధములు వచ్చి లక్షలకొలది యువకులను అంగహీనులను జేసినవి. 1948 జూలై 29న లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, ఇంగ్లాండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రియందు లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు చక్రపుకుర్చీలలోని 16 మందికి విలువిద్యలో పోటీ పెట్టెను. ఆ చిన్న మొలకయే 1960లో రోము నగరమున మొదటి పారాలింపిక్ క్రీడలుగ పెరిగినది. కాళ్ళు చేతులు కోల్పోయినవారికి వానిలో ప్రవేశము దొరకినది మాత్రము 1976లో టొరంటో నగరమున జరిగిన క్రీడలయందే.

ఆ కాలముననే మన దేశమున మఱియొక మేలు జరిగినది. 1960 దశకము చివర జయపురములో రామచంద్రశర్మ యను శిల్పియు, ప్రమోదకరణ్ సేఠీ యను శస్త్రవైద్యుడును కలిసి రబ్బరుతో నొక పాదమును నిర్మించిరి. పాశ్చాత్యులు చేసిన కృత్రిమపాదమునకు జోడు తప్పనిసరి. దానితో గొంతుకూర్చుండుటకు వీలులేదు. నేలపై మఠము వేసికొనుటకు వీలులేదు. జయపురపాదముతో ఇవన్నియు సాధ్యము. వట్టికాళ్ళతో వరిచేలో బురద త్రొక్కవచ్చును. దీని విలువ డెల్టావాసులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. సేఠీగారికి 1981లో మెగసెసే బహుమానము లభించినది. 1975లో స్థాపింపబడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ పాదములను ఉచితముగ నొసగుచు వచ్చినది. చదువుకొననివాడైన శిల్పియు, చదివిన వైద్యుడును సమముగ కూర్చుండి పనిచేసినచో నేమి సాధింపవచ్చునో ఇది చాటుచున్నది.

తెలుగువారికి ఈ పాదము 1985లో ఇల్లిల్లు తెలిసినది. 1981లో తిరుచినాపల్లి చెంత జరిగిన బస్సుప్రమాదము మూలమున కాలు పోగొట్టుకొన్న నర్తకి సుధాచంద్రన్ గారు జయపురపాదముతో మరల రంగమెక్కిరి. ఆమె జీవితమునే కథగ గొని, ఆమెనే నాయికగ జేసి, సింగీతము శ్రీనివాసరావుగారు 'మయూరి' చిత్రమును తీసిరి. ఆ చిత్రమును చూచి యేడ్వనివారు అరుదు. అయినను ఆమె పాదము వలన ఇతర నర్తకులకు అన్యాయము జరిగినదని యెవరును అనలేదు. ఏలయన నృత్యమునకు గడియారము లేదు. ఒకరి యానందమునకై మఱియొకరు ఓడిపోవలసిన పని లేదు. పందెమున నట్లు కాదు. అచ్చట ఒకరికి వచ్చిన స్థానము మఱియొకరికి పోయిన స్థానము. కనుకనే క్రీడలయందు కరుణ యొక్కటి చాలదు, లెక్కయు కావలెను.

లెక్క కఠినమగుటకు కారణము కొత్త పాదము. మోకాలి దిగువ కాలు పోగొట్టుకొన్న వాన్ ఫిలిప్స్ అను అమెరికావాసి 1980 దశకమున కార్బన్ తంతువులతో వంకరకత్తి వంటి పాదమును నిర్మించెను. పరుగెత్తువాని భారము పడినపుడు అది విల్లువలె వంగును. పాదమెత్తునపుడు ఆ వంగిన శక్తిని చాలవఱకు తిరిగి యిచ్చును. అది యంత్రము కాదు. స్వయముగ శక్తిని పుట్టింపదు. కాని మనుష్యుని కాలికంటె తేలిక. దానికి పిక్క లేదు గనుక పిక్క అలయుట లేదు. ఇంకొకవంక, చీలమండ లేదు గనుక దానితో నేలను తన్ని పందెమును వడిగా ఆరంభించుట కష్టము. మలుపులలో నిలద్రొక్కుకొనుట కష్టము. లాభమును నష్టమును ఒక్కచోటనే యున్నవి. వీనిని తూచు త్రాసేది?

ఈ ప్రశ్నకై మొదట న్యాయస్థానమెక్కినవాడు దక్షిణాఫ్రికాకు చెందిన ఆస్కార్ పిస్టోరియస్. పదునొకండు నెలల శిశువుగ నున్నపుడే ఆతని రెండుకాళ్ళును మోకాళ్ళ దిగువ తీసివేయబడినవి. ఆతడు పెద్దవాడై అంగవైకల్యము లేనివారితో సమముగ పరుగెత్త మొదలిడగా, 2007లో అంతర్జాతీయ అథ్లెటిక్ సంఘము స్ప్రింగులు గల సాధనములను నిషేధించుచు నియమమొకటి చేసినది. కొలోన్ నగరమున బ్రూగెమన్ అను ఆచార్యుడు పరీక్షించి, అదే వేగమున నితరులకంటె ఆతనికి నాల్గింట నొకవంతు శక్తి తక్కువ ఖర్చగుచున్నదని చెప్పెను. 2008 జనవరిలో ఆతనిని వెలివేసిరి. మే 16న క్రీడల మధ్యవర్తి న్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివేసినది. పరీక్ష పూర్తివేగమున సూటిగ పరుగెత్తు ఘట్టమును మాత్రమే చూచినదనియు, పందెమారంభమున ఆతనికి గల నష్టమును లెక్కింపలేదనియు, మొత్తముమీద లాభమున్నదని సంఘము ఋజువు చేయలేకపోయినదనియు ఆ తీర్పు సారాంశము. ఆతని పక్షమున పరీక్షలు జరిపిన శాస్త్రజ్ఞులలోనే పిమ్మట భేదము పుట్టినది. కాలు తేలికయగుటచే దానిని ముందునకు వేయు కాలము మిగుల తగ్గుననియు, 400 మీటర్లలో పది సెకండ్లకు పైగ లాభమనియు 2009లో కొందఱు వ్రాసిరి; ఇతరులు దానిని ఖండించిరి.

2012లో పిస్టోరియస్ లండను ఒలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పందెమున సెమీఫైనలు వఱకు వచ్చెను. లోకమంతయు హర్షించినది. అదే నగరమున కొలది వారములకే, సెప్టెంబరు 2న, పారాలింపిక్ 200 మీటర్ల పందెములో బ్రెజిలు యువకుడు అలాన్ ఒలివైరా ఆతనిని 7 శతాంశముల సెకండులో ఓడించెను. వెంటనే పిస్టోరియస్, తన ప్రతిద్వంద్వి కత్తిపాదములు మితిమీరిన పొడవు గలవని ఆక్షేపించెను. మఱునాడు తాను మాటాడిన సమయము తగదని క్షమాపణ చెప్పెను గాని ఆక్షేపణను విడువలేదు. ఐదేండ్లు శంకకు గుఱియైనవాడే ఓడిన నిముసమున శంకించువాడాయెను. ఆతడు తరువాత చేసిన ఘోరాపరాధమును, పొందిన శిక్షను గూర్చి ఇచ్చట చెప్పబనిలేదు. కాని ఈ యొక్క ఘటన మా యాటస్థలపు తండ్రిని మాకు జ్ఞాపకము చేసినది. శంక దుర్మార్గుల సొత్తు కాదు, ఓడినవారి సొత్తు.

తరువాతి కథ జర్మనీది. పదునాల్గవయేట నీటిక్రీడలో కుడికాలు కోల్పోయిన మార్కుస్ రేమ్ 2014లో ఉల్మ్ నగరమున అంగవైకల్యము లేనివారితో పోటీపడి, 8.24 మీటర్లు దుమికి, జర్మనీ జాతీయ విజేత యయ్యెను. అయినను ఆ యేటి యూరపు పోటీలకు ఆతనిని పంపలేదు. 2015లో సంఘము నియమము మార్చి, సాధనము వలన లాభము లేదని నిరూపించుభారమును క్రీడాకారుని తలపై పెట్టినది. మూడు దేశముల శాస్త్రజ్ఞులు రేమ్ దుముకును పరీక్షించి, పరుగులో ఆతనికి నష్టము, ఎగురుటలో లాభము కలదనియు, రెండింటిని కూడి తీసివేసి తేల్చుట తమకు సాధ్యము కాలేదనియు 2016లో తెలిపిరి. 2021లో ఆతడు 8.62 మీటర్లు దుమికెను. ఆ యేట టోక్యో ఒలింపిక్ క్రీడలలో స్వర్ణము తెచ్చిన దుముకు 8.41 మీటర్లు మాత్రమే. ఇచ్చట శంకను కేవలము అసూయ యని త్రోసివేయుట న్యాయము కాదు. ఆతడు నేలనుండి యెగురునది ఆ కత్తిపాదముతోనే గదా.

2020 అక్టోబరులో బ్లేక్ లీపర్ అను అమెరికా పరుగువీరుని వ్యాజ్యమున అదే న్యాయస్థానము రెండంచుల తీర్పు చెప్పినది. రెండుకాళ్ళును లేక జన్మించిన లీపర్, తనకు సహజముగ నుండదగిన యెత్తుకంటె చాల యెక్కువ యెత్తు నిచ్చు పాదములపై పరుగెత్తుచున్నాడనియు, అది న్యాయము కాని లాభమనియు నిర్ణయించినది. కాని, లాభము లేదని క్రీడాకారుడే ఋజువు చేసికొనవలెనను నియమమును కొట్టివేసినది. నిందమోపువాడే నిరూపింపవలెను; ఇది మా పాఠకులకు క్రొత్త ధర్మము కాదు. ఈ వ్యాజ్యమున నింకొక చిక్కును బయటపడినది. సహజముగ నుండదగిన యెత్తును లెక్కకట్టు పద్ధతి శ్వేతజాతీయుల యొక్కయు ఆసియావాసుల యొక్కయు కొలతలపై నిర్మింపబడినదనియు, నల్లజాతీయులకు అది సరిపడదనియు లీపర్ వాదించెను. న్యాయస్థానము ఆ వాదము నంగీకరింపలేదు. అయినను, కొలబద్దను ఎవరి శరీరమును జూచి చేసితిరని యడుగుట సంస్కారప్రియులకు తగిన ప్రశ్నయే.

ఇంతవఱకు చూచినదానినిబట్టి మాకు తోచునది చెప్పుచున్నాము. కృత్రిమము గనుక అన్యాయమనుట చెల్లదు. పందెములలో కృత్రిమము కానిదేది? గడకఱ్ఱతో దుమికెడివారు ఒకప్పుడు వెదురుగడను పట్టిరి. నేడు గాజునారతో చేసిన గడను పట్టుచున్నారు. ఈతగాండ్ర నునుపుదుస్తులు 2008, 2009 సంవత్సరములలో పాతలెక్కలను పెక్కింటిని తుడిచివేయగా, 2010 నుండి వానిని నిషేధించిరి. 2020లో పరుగుజోళ్ళ అడుగు 40 మిల్లీమీటర్లకు మించరాదని నియమించిరి. ఈ మూడింటిని చూడగా న్యాయమనునది సహజత్వములో లేదు. ముందుగ ప్రకటింపబడి, అందఱకు ఒక్కటిగ వర్తించు నియమములో నున్నది. మన కోడిపందెములు నిషిద్ధములు, హింసాత్మకములు. వానిని మేము మెచ్చము. కాని ఆ బరిలో సైతము కత్తి కట్టిన కోడిని కత్తి లేని కోడితో విడువరు.

మన రైతులకు ఈ జ్ఞానము పూర్వమునుండియు కలదు. ఒంగోలుజాతి యెద్దుల బండలాగుడు పందెములలో అన్ని జతలను ఒక్కచో నిలుపరు. నోరు తెఱచి పండ్లు చూతురు. పాలపండ్లవి వేఱు, రెండుపండ్లవి వేఱు, నాలుగుపండ్లవి వేఱు, ఆఱుపండ్లవి వేఱు. చిన్నదానిని పెద్దదానితో కట్టుట పందెము కాదని వారెఱుగుదురు. పారాలింపిక్ క్రీడలలో చేయు వర్గీకరణము ఇట్టిదే. అచ్చట కత్తిపాదముల వారికి పాదపు టెత్తునకు మితి కలదు. 2015లో రోడ్డుప్రమాదమున కాలు కోల్పోయిన హర్యానా యువకుడు సుమిత్ అంతిల్ తన వర్గమున ఈటె విసరి టోక్యోలోను, 2024లో పారిసులోను స్వర్ణములు గెలిచెను. పారిసులో విసరిన దూరము 70.59 మీటర్లు. అదే పారిసున మన నంద్యాలవాడు, ఒంటికాలి వీరుడు షేక్ అర్షద్ సైకిలు పందెములలో మన దేశము పక్షమున పాల్గొనెను. బుద్ధివైకల్యము గలవారి వర్గమున వరంగల్లు ప్రాంతపు కల్లెడ గ్రామమునకు చెందిన జీవాంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యము తెచ్చినది. వర్గము వేఱైనంత మాత్రమున గౌరవము వేఱు కారాదు.

అయితే వర్గీకరణమును గోడగ మార్చుకొనుటయు తప్పే. ప్రపంచపతకము కొఱకు, శతాంశముల సెకండుల కొఱకు జరుగు పోటీలో సూక్ష్మమైన కొలతయు, కఠినమైన నియమమును అవసరమే. పల్లెటూరి పాఠశాలలో ఆట యొక్క ప్రయోజనము వేఱు. పిల్లలు కలిసి పరుగెత్తుటయే అచ్చట ఫలము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 30వ విభాగమున అట్టివారికి క్రీడలలో భాగము కల్పించుట ప్రభుత్వముల విధియని స్పష్టముగ నున్నది. ఒక్కనికై వేఱు వర్గము చేసినచో ఆ బాలుడు ఒంటరిగ పరుగెత్తి ఒంటరిగ గెలువవలెను. అది బహుమానము కాదు, వెలి.

ఇక ధనము మాట. పరుగునకై చేసిన కార్బన్ పాదమునకు లక్షల రూపాయలు కావలెను. అది గలవానికిని లేనివానికిని నడుమ నున్న భేదము కాళ్ళు గలవానికిని లేనివానికిని నడుమ నున్న భేదముకంటె చిన్నది కాదు. మన గ్రామములలో పిల్లవాడు ఎదిగినకొలది పాదమునకు సరిపడు క్రొత్త గిన్నె దొరకక, పుండ్లుపడి, బడి మానుకొను ప్రమాదము కలదు. కృత్రిమపాదము అన్యాయమైన లాభమా యని తర్కించు మనము, ఆ పాదమే లేని యన్యాయమును గూర్చి యెంత తర్కించితిమో మనస్సాక్షినే యడుగవలెను.

ఇట్లు విచారించి మాస్టారుగారికి మేమిచ్చిన బదులు ఇది. మొదటిది: నియమము పందెమునకు ముందు చెప్పవలెను గాని ఫలితమును జూచి చేయరాదు. గతసంవత్సరము ఆ బాలుడు కడపట వచ్చినపుడు రబ్బరుపాదమును ఆక్షేపింపనివారికి, ఈ యేడు ఆక్షేపించు నధికారము లేదు. రెండవది: ఆ బాలుని పాదము వంగి లేచు కత్తిపాదము కాదు, నడకకై చేసిన రబ్బరుపాదము. అది లాభమని నిరూపించు భారము ఆక్షేపించినవారిది. దానికి నొప్పి లేదన్నమాట నిజమే. కాని దానిని తొడిగిన మోడునకు నొప్పి కలదు. సందేహము గలవారు పందెము ముగిసిన పిమ్మట ఆ పట్టీలు విప్పి చూడవచ్చును. మూడవది: నాల్గవవాడుగ వచ్చిన బాలునియెడ కూడ మనకు ధర్మము కలదు. ఆ పిల్లవాడు శక్తివంచన లేక పరుగెత్తెను. తండ్రి తగవులో వాని శ్రమ మఱుగుపడరాదు. రాబోవు సంవత్సరమునకు నియమము కావలెనన్నచో తండ్రులందఱు కూడి, ఆ బాలుని తండ్రిని కూడ పిలిచి, ముందుగనే వ్రాసికొనవలెను.

మాస్టారు అట్లే చేసిరి. మూడవ బహుమానమైన స్టీలు పళ్ళెము ఆ బాలునికి చేరినది. ఆక్షేపించిన తండ్రి ఆ దినమున సభకు రాలేదు. ఆతని కుమారుడు వచ్చి వెనుకవరుసలో కూర్చుండెను. వాని మనస్సు పూర్తిగ సమాధానపడినదని మేము చెప్పజాలము. న్యాయము జరిగినచోట సయితము ఓడినవానికి కొంత బాధ మిగులును. ఆ బాధను భరించుట నేర్పుటకే పాఠశాలలో పందెములు పెట్టుచున్నాము.

పిల్లలను పందెములకు పంపు తల్లిదండ్రులకు మా మనవి యొకటియే. అంగవైకల్యము గల బిడ్డకు చప్పట్లు కొట్టుట మనము నేర్చితిమి, అది మంచిదే. ఆ బిడ్డ మన బిడ్డను దాటిపోయిననాడు కూడ చేతులు ఆగకుండ నుండవలెను. అప్పటికిని సందేహము మిగిలినచో, దానిని నియమముగ వ్రాసి ముందు పెట్టవలెను గాని నిందగ మార్చి వెనుక వేయరాదు.